పదకొండు కార్డులు

గంగాప్రసాద్‌కు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, రెండు వందల బైసా, అంటే రియాల్‌లో ఐదో వంతు, చాలు. ఈ సంగతి గల్ఫ్‌లోని అల్ హైల్ లేబర్ క్యాంపులో అందరికీ తెలుసు. జీతం నెల రోజులు ఆలస్యమైతే పళ్లు బిగపట్టి ఊరుకునే మనిషే, బకాలాలో రొట్టెల ప్యాకెట్ మీద రెండు వందల బైసా ఎక్కువ పట్టుకుంటే మాత్రం కొట్టు దద్దరిల్లేలా అరిచేవాడు. "ఆలస్యమైనా నా పైసలు నాకొస్తయి. ఇది దొంగతనం," అని అతని వాదన. వాదనలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే ఈ కథలో అందరి ప్రాణానికీ వచ్చింది.

బకాలా అంటే క్యాంపు గేటు పక్కనున్న కిరాణా కొట్టు. చుట్టుపక్కల ఇంకో కొట్టు లేదు. కంపెనీ జీతాలు కార్డులో పడతాయి. కాబట్టి ఉల్లిగడ్డ కొన్నా, సబ్బు కొన్నా, ఫోన్ రీఛార్జ్ చేయించుకున్నా కార్డు గీకాల్సిందే. గీకినప్పుడల్లా సేఠ్ రెండు వందల బైసా కలిపి కొట్టేవాడు. అడిగితే గల్లాపెట్టె మీద అంటించిన కాగితం చూపించేవాడు. మెషిన్ ఖర్చు, అంతే. మూడు వందల బైసా రొట్టెకి రెండు వందల బైసా ఖర్చు ఏ ఊళ్లో ఉందని గంగాప్రసాద్ అడిగితే, "ఈ ఊళ్లో ఉంది," అనేవాడు సేఠ్ తల ఎత్తకుండా.

ఒకరోజు ఆ గొడవ జరుగుతుండగా దీవెనమ్మ పాల డబ్బా పట్టుకుని వెనకాల నిలబడింది. పాలకొల్లు దగ్గరి ఆవిడ, రోడ్డు చివరనున్న క్లినిక్‌లో నర్సు. క్యాంపులో ఎవరికి జ్వరమొచ్చినా ఆవిడ దగ్గరికే పోతారు. బయటికొచ్చాక గంగాప్రసాద్‌ని ఆపింది.

"అరిచి ఏం లాభం బాబూ? కార్డు గీకినందుకు బ్యాంకు వాడు కొట్టు దగ్గర కొంత పట్టుకుంటాడు. అది కొట్టువాడు భరించుకోవాలి గానీ మన నెత్తిన రుద్దకూడదు. వీడు రుద్దటమే కాదు, దాని మీద లాభం కూడా చేసుకుంటున్నాడు."

"మరి కేసు పెడదామా సిస్టరమ్మా?"

"నువ్వొక్కడివే వెళ్లావనుకో, నీ రెండు వందలు నీ చేతిలో పెట్టి పంపించేస్తాడు. రేపట్నించి మళ్లీ మామూలే. కొన్నవాళ్లందరూ కలిసి ఒకే కాగితం మీద వెళ్లండి. అప్పుడు అందరి దగ్గరా తిన్నది కక్కుతాడు. కాగితం నేను రాసిస్తాను. నా సంతకం కూడా పెడతాను, నా దగ్గరా తిన్నాడు కదా."

ఆ మాట గంగాప్రసాద్ తలకెక్కింది. నలభై నాలుగేళ్ల మనిషి, పద్నాలుగేళ్లుగా గల్ఫ్‌లో కాంక్రీటుకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్. ఈ పద్నాలుగేళ్లలో తను అడిగితే ఒకడు లెక్క చెప్పాల్సి వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. అదే రోజు నుంచి బిల్లులు పోగుచేయడం మొదలుపెట్టాడు. ఒక్కో రూముకీ పోయి దిండ్ల కింద, ప్యాంటు జేబుల్లో వెతికించాడు. పారేసిన వాళ్లను తిట్టాడు. పది రోజుల్లో ముప్పై ఏడు సంతకాలయ్యాయి. తన రూములోనే ఒకటి మిగిలింది. సురేందర్‌ది.

సురేందర్, గంగాప్రసాద్ కోరుట్ల పక్కన ఒకే ఊరి వాళ్లు, ఒకే వాడకట్టు. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. సురేందర్‌కు వీసా తెప్పించింది గంగాప్రసాదే. ఏడాదిన్నర కింద బస్సెక్కేటప్పుడు సురేందర్ భార్య సుమలత ఏడవలేదు. బ్యాగు అందించి, "బావా, మీరున్నరని తోలిస్తున్న," అంది, అంతే. గంగాప్రసాద్ ఆ మాటను అప్పుగా రాసుకోలేదు గానీ, సురేందర్ పరంజా ఎక్కినప్పుడల్లా బెల్టు పెట్టుకున్నాడో లేదో ఒకసారి తలెత్తి చూసేవాడు.

"సంతకం పెట్టరా."

"నాకొద్దన్నా. ఎందుకు గీ పంచాయితీ? మెషిన్ పక్కనే ఉన్నది, గీకుతున్నం, తింటున్నం. రెండు వందలు పోతే పోయినయి."

"ఏడాదికి ఎన్నయితయో చూసినవా?"

"చూసిన. గాయింత పైసలకు సేఠ్‌తోని దుష్మనీ ఎందుకని అంటున్న. రేపు వాడు ఏదన్న కిరికిరి పెడితే పోయేటిది మనమే కదనే."

"మన రూముల పదకొండు మందిమి. పది సంతకాలుంటె పదకొండోడు యాడున్నడని అడుగుతరు. అందరిముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

సురేందర్ నవ్వాడు. పెన్ను తీసుకుని పెట్టాడు. ఆ మనిషి కాగితానికి కాదు, అన్న మొహానికి సంతకం పెట్టాడు. అది గంగాప్రసాద్‌కు అప్పుడే తెలుసు.

దీవెనమ్మ కాగితం బాగా రాసింది. వినియోగదారుల ఆఫీసు వాళ్లు బాగానే విన్నారు. రెండుసార్లు పిలిచారు. రెండోసారి సేఠ్ కూడా వచ్చాడు, చల్లని ఏసీలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు. పట్టుకున్నది తిరిగివ్వాలని, ఇకమీదట పైసా కలపకూడదని తేలింది. బిల్లున్న వాళ్లందరికీ బిల్లున్నంత మేర డబ్బు వచ్చింది. ఎవరికీ పదిహేను రియాళ్లు దాటలేదు. అయినా ఆ గురువారం క్యాంపులో పెళ్లి సందడే. కోడి కోశారు. గంగాప్రసాద్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు. అతను వద్దు వద్దంటూనే, దింపినప్పుడు కొంచెం నిరాశపడ్డాడు.

సోమవారం పొద్దున బకాలాకు పోతే గల్లాపెట్టె మీద మెషిన్ లేదు.

"మెషిన్ లేదు. ఖర్చూ లేదు. నోట్లు తెచ్చుకోండి," అన్నాడు సేఠ్. మొహంలో కోపం కూడా లేదు. కోపముంటే గంగాప్రసాద్‌కు ఏదో ఒకటి అనడానికి వీలుండేది.

నోట్లు కావాలంటే ఏటీఎం కావాలి. ఏటీఎం హైవే అవతల పెట్రోల్ బంకులో ఉంది. అటు నాలుగు వరసలు, ఇటు నాలుగు వరసలు, మధ్యలో ఇనుప కంచె, నూట ఇరవై మీద పోయే బండ్లు. దాటడానికి పాదచారుల వంతెన ఉంది. క్యాంపు నుంచి అది మైలుకు పైనే. పోయి, అవతల వైపు మళ్లీ అంతే వెనక్కి నడిచి, డబ్బు తీసుకుని, మళ్లీ అంతా తిరిగి రావాలి. జూన్ ఎండలో, ఆరు రోజుల డ్యూటీ చేసిన కాళ్లతో. కంచెకు ఒకచోట ఎవరో ఎప్పుడో మనిషి పట్టేంత సందు చేశారు. అందరూ ఆ సందులోంచే పోయేవారు.

రోజూ అంతమంది పోనక్కర్లేకుండా రూముకో పద్ధతి పెట్టుకున్నారు. శుక్రవారానికొకరు వంతు. వంతు వచ్చినవాడు రూములో అందరి కార్డులూ తీసుకుపోయి అందరికీ డబ్బు తెస్తాడు. పదకొండు కార్డులకు పదకొండు పిన్‌లు గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాక, అందరూ ఒకటే పిన్ పెట్టుకున్నారు. బ్యాంకువాళ్లు వింటే గుండె ఆగి చచ్చేవాళ్లు. ఒకే కంచంలో తినేవాళ్లకు అందులో వింత కనిపించలేదు. ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి తలుపుకు అంటించారు. రాసింది గంగాప్రసాదే.

క్యాంపులో ఇప్పుడు అతన్ని ఎవరూ భుజాల మీద ఎత్తుకోవడం లేదు. ఎండలో నడిచొచ్చినవాడు గుమ్మంలో చెప్పులు విదిలించి, "గెలిచినం గదా అన్నా," అని ఒక మాట విసిరి లోపలికి పోయేవాడు. గంగాప్రసాద్ ఇంకో కాగితం రాయిద్దామన్నాడు, కొట్టులో మెషిన్ పెట్టాల్సిందేనని. ఈసారి ఒక్కడూ సంతకానికి రాలేదు. సురేందర్ మాత్రం, "నేను పెడ్తతియ్యి, నాకేంది," అన్నాడు. ఒక్క సంతకంతో దేనికీ పోలేమని గంగాప్రసాద్ ఊరుకున్నాడు. "నేను ముందే చెప్పిన" అనే మాట సురేందర్ నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. వస్తే బాగుండేదని గంగాప్రసాద్‌కు అనిపించేది. తిట్టించుకుంటే కొంత తీరుతుంది.

బుధవారం ఫోర్‌మన్ వచ్చి, ఇబ్రా అనే ఊళ్లో స్లాబు పని ఉంది, ఇద్దరు కార్పెంటర్లు కావాలి, పది రోజులే, బండెక్కమన్నాడు. ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. కంపెనీలో ఇలాంటివన్నీ నోటి మాట మీదే నడుస్తాయి. గంగాప్రసాద్ బట్టలు సర్దుకుంటూ తన కార్డు తీసి సురేందర్‌కిచ్చాడు.

"శుక్రారం నా వంతు ఉండె. నువ్వు పో. మళ్లచ్చినంక నీ వంతుకు నేను పోత. నాది ఎనభై తీసి ఇంటికి పంపు."

"సరేనే."

"వంతెన మీదికెల్లి పో."

"సరేనన్నా. నువ్వెప్పుడన్న పోయినవా వంతెన మీదికెల్లి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బండి హారన్ కొట్టింది.

శుక్రవారం ఇబ్రాలో సెలవు లేదు. పొద్దున ఐదింటికి కాంక్రీటు బండ్లు రావడం మొదలైతే మధ్యాహ్నం దాటినా ఆగలేదు. షట్టరింగ్ ఒకచోట ఉబ్బింది. కింద నిలబడి జాకీలు బిగించడానికి గంగాప్రసాద్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. ఫోన్ పికప్‌లో, సంచిలో, సైలెంట్‌లో ఉంది. మూడింటికి బయటికొచ్చి, తలమీద నీళ్లు పోసుకుని, సంచి విప్పి ఫోన్ చూశాడు. యాభై రెండు కాల్స్. ముప్పై దాకా భార్య శాంతవ్వవి. మిగతావి కంపెనీ ఆఫీసు నంబరు, ఊరి నంబర్లు, ఎవరెవరివో. పిల్లలకేమైందో అనుకున్నాడు. శాంతవ్వకు చేద్దామని వేలు పెట్టేలోపే ఫోన్ వెలిగింది. జావెద్.

జావెద్ క్యాంపు బస్సు డ్రైవరు, బోధన్ అతను.

"కౌన్? ఎవరు మాట్లాడేది?" అన్నాడు జావెద్. తనే చేసి తనే అడుగుతున్నాడు.

"నేనే జావెద్ భాయ్, గంగన్నను. ఏమైంది?"

అటు జావెద్ తలుపు తోసుకుని బయటికొచ్చిన చప్పుడైంది. 

"యా అల్లా. బతికే ఉన్నవా భాయ్. యాడున్నవ్?"

"ఇబ్రాల ఉన్న. బుధారం తోలిండ్రు. ఏమైందో చెప్పు ముందుగాల."

జావెద్ చెప్పాడు. ఒక వరసలో చెప్పలేకపోయాడు గానీ గంగాప్రసాద్‌కు అర్థమైంది. పొద్దున పదింటికి హైవే మీద ఒక మనిషిని బండి కొట్టేసింది. అక్కడికక్కడే పోయాడు. ఒంటి మీద చొక్కా, నైట్ ప్యాంటు. గుర్తింపు కార్డు లేదు, అది రూములో ఉండిపోయింది. ఫోన్ ముక్కలైంది. జేబులో రబ్బరు బ్యాండు వేసిన పదకొండు బ్యాంకు కార్డులు. పదకొండు పేర్లు. పోలీసులు కార్డుల మీది పేర్లు కంపెనీకి పంపి, ఇందులో ఈ మనిషి ఎవరో వచ్చి గుర్తుపట్టండి అన్నారు. ఆఫీసు క్లర్కు ప్రసాద్ బాబు అల్ ఖువైర్‌లో తన ఫ్లాట్‌లో కూర్చుని క్యాంపు వాచ్‌మన్‌కు ఫోన్ చేశాడు. ఈ రూము నుంచి ఈరోజు ఏటీఎంకు ఎవరు పోయారని అడిగాడు. రూములో మిగతావాళ్లంతా ఓవర్‌టైంకు పోయారు, వాచ్‌మన్ తలుపు మీది కాగితం చదివి పేరు చెప్పాడు. ప్రసాద్ బాబు ఆ పేరుగల మనిషికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇంకేం కావాలి? రికార్డులో ఉన్న ఇంటి నంబరు చూసి, పన్నెండింటికి శాంతవ్వకు ఫోన్ చేశాడు.

"నీ ఘర్‌వాలీకి చెప్పేసిండు భాయ్, నువ్వు పోయినవని. శవాన్ని చూడకముందే చెప్పేసిండు. నన్ను ఇప్పుడు మార్చురీకి తోలిండ్రు గుర్తుపట్టనీకి. నేను నువ్వనుకుంటనే పోయిన. గుడ్డ తీస్తే..."



గంగాప్రసాద్‌కు ఆ పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంతు మార్చింది తను. కార్డు చేతిలో పెట్టింది తను. కాగితం రాసింది, సంతకం పెట్టించింది, మెషిన్ పోగొట్టింది, అన్నీ తనే. పికప్ టైరుకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఇసుక కాలుతోంది. కాల్చనీ అనుకున్నాడు.

"మొఖం బానే ఉన్నది భాయ్," అన్నాడు జావెద్, అది ఓదార్పు అనుకుని. "ప్రసాద్ బాబుకు ఇంక చెప్పలే. చెప్తే వాడు మళ్ల అట్లనే ఫోన్ కొడ్తడు ఇంటికి. జర నువ్వే చెయ్యి ముందు. మీ ఇంటోళ్లు ఏడుస్తుండొచ్చు."

గంగాప్రసాద్ ఫోన్ పెట్టేశాడు. తను బతికున్నానన్న సంతోషం ఎక్కడో ఒక మూల కదిలింది. దాన్ని చూసి తన మీద తనకే అసహ్యమేసింది. పిల్లలు గుర్తొచ్చారు. మూడు గంటలుగా తండ్రి లేని పిల్లలు. ఇప్పుడు ఫోన్ చేస్తే వాళ్లకు తండ్రి దొరుకుతాడు. దొరికిన మరుక్షణం గోడకు అవతల సురేందర్ పిల్లలిద్దరికీ పోతాడు. ఒక్క ఫోన్‌లో రెండూ తనే చేయాలి. చేయకపోతే ప్రసాద్ బాబు చేస్తాడు, ఆఫీసు గొంతుతో, రెండు నిమిషాల్లో.

శాంతవ్వ నంబరు నొక్కాడు. మొదటి రింగుకే ఎత్తారు. వెనక ఏడుపులు, ఎవరో ఆడవాళ్లు పేరు పెట్టి పాడి ఏడుస్తున్నారు. తన పేరే.

"ఎవరు?"

శాంతవ్వ గొంతు కాదు. సుమలత గొంతు.

"సుమలతా... నేను. గంగన్నను."

అటు అరిచిన అరుపుకు ఫోన్ చెవి నుంచి దూరం పెట్టాల్సి వచ్చింది. "అక్కా! అక్కా! బావ! బావ మాట్లాడుతున్నడు! బతికే ఉన్నడు! అయ్యో ఆపుండ్రే, ఏడుపు ఆపుండ్రి!" ఏడుపులు ఒక్కసారిగా తెగాయి, మళ్లీ ఇంకో రకంగా మొదలయ్యాయి. ఏదో గిన్నె కింద పడింది. సుమలత నవ్వుతూ ఏడుస్తూ గసపోస్తూ మాట్లాడుతోంది.

"నేను చెప్పిన బావా, నేను నమ్మలే. మా ఆయన చెప్పేదాంక నేను నమ్మనన్న. ముసలోళ్లు అచ్చి గాజులు తియ్యాలె అన్నరు అక్కయి. నేను తియ్యనియ్యలే. ఇగో, రెండు చేతులు గట్టిగ పట్టుకున్న ఆ కబురు అచ్చిన కాడికెల్లి. గిప్పుడు నీ ఫోన్ అచ్చేదాంక ఇడ్వలే. అక్క చేతులు ఎర్రగ కమిలిపోయినయి చూడు, నేను పట్టి పట్టి."

"మంచిగ చేసినవ్," అన్నాడు గంగాప్రసాద్. ఆ రెండు ముక్కలు ఎట్లా వచ్చాయో అతనికి తెలియదు.

"మరి మీ తమ్ముడేడి బావా? అప్పటి సంది చేస్తున్న, స్విచ్ ఆఫ్. నీ గురించే ఆస్పత్రుల ఎంబడి తిరుగుతున్నడనుకున్న పాపం. పక్కన్నే ఉన్నడా? ఓసారియ్యి, తిడ్త. ఒక్క ఫోన్ చేస్తే ఏంబోయె, ఇంతమందిమి చచ్చి బతికితిమి."

గంగాప్రసాద్ తలెత్తాడు.  ఎదురుగా స్లాబు మీద ఎవరో నీళ్లు చల్లుతున్నారు. డ్యూటీలో ఉన్నాడని చెబుదామా అనిపించింది. ఆ ఒక్క అబద్ధంతో ఆమెకు ఇంకో గంట దొరుకుతుంది. ఆ గంట తర్వాత ప్రసాద్ బాబు గొంతు ఆమెకు వినిపిస్తుంది.

"సుమలతా, అక్కకియ్యి ఫోన్."

"ఇస్త, ఇస్త. ముందు ఆయనకియ్యి నువ్వు."

"అక్కకియ్యి బిడ్డా."

ఫోన్ చేతులు మారింది.  శాంతవ్వ వెక్కిళ్లు పెడుతోంది. పిల్లాడెవడో పక్కనుంచి "బాపూ, బాపూ" అంటున్నాడు.

"శాంతా," అన్నాడు గంగాప్రసాద్. "నేను మంచిగున్న. ఇబ్రాల ఉన్న. నాకేం గాలే. ఇంటున్నవా?"

"ఊఁ."

"సుమలత నీ పక్కపొంటనే ఉన్నదా?"

"ఊఁ. పక్కన్నే కూసున్నది. నవ్వుతున్నది నన్ను చూసి."

"శాంతా, ఇప్పుడు నువ్వు దాని చేతులు పట్టుకో."

ఎందుకని శాంతవ్వ అడగలేదు. వెక్కిళ్లు ఆగిపోయాయి. తర్వాత ఫోన్ ఎక్కడో గుడ్డల మీద పడేసిన చప్పుడైంది, కాని లైను తెగలేదు. దూరం నుంచి సుమలత గొంతు, ఇంకా నవ్వు పోని గొంతు, గంగాప్రసాద్‌కు స్పష్టంగా వినిపించింది.

"ఏందక్కా, గట్ల పట్టుకున్నవ్? ఏమన్నడు బావ?"